మన మెట్టదారులకు తగిన సైకిలు

రెండు మూడేండ్లనుండి విద్యార్థుల తలిదండ్రులు నన్నడుగు ప్రశ్నలలో మార్కులను గూర్చినవి కొంత తగ్గి, సైకిళ్లను గూర్చినవి హెచ్చినవి. గేర్లు గలది కొనవచ్చునా, లావు టైర్లది మేలా, వెనుక స్ప్రింగు గలది పిల్లవానికి సుఖమా అని యడుగుచుందురు. నేను సైకిలుమీదనే బడికి వచ్చుచుండుటయు, సెలవు దినములందు కంభము వైపునకో, నల్లమల యడుగున నున్న పల్లెలకో దానిమీదనే పోవుచుండుటయు ఇందులకు కారణములు కావచ్చును. ప్రతివారికి వేరువేరుగ చెప్పుటకంటె ఈ సంచికలో నొకసారి వ్రాయుట మేలని సంపాదకులు తలచిరి. నాకును అదియే సమ్మతము.

మొదట మన నేలను గూర్చి చెప్పవలయును. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1970లో క్రొత్త జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. సముద్రపు టొడ్డునకు చెందిన జిల్లాలో చేరినను మన నేల స్వభావము మారలేదు. ఇది మెట్టసీమ. గులకరాతి యెర్రనేల, నడుమనడుమ నల్లరేగడి, పడమట నల్లమల. ఒంగోలు వైపు చదునైన తారురోడ్డుమీద చక్కగ పోవు సైకిలు మన డొంకదారిలో పోవునని నమ్మరాదు. ఇచట సైకిలునకు ముగ్గురు శత్రువులు గలరు: పలకరాయి, పల్లేరుకాయ, ఎండ.

పలకరాయి మాట విని కొందరు నవ్వవచ్చును. మన యూరికి పేరు తెచ్చినది ఆ రాయియే గదా! పొరలు పొరలుగ చీలు గుణముండుటచేతనే అది పలకకు పనికివచ్చుచున్నది. ఆ గుణముచేతనే గనులయొద్ద పారవేసిన దాని ముక్కల యంచులు కత్తివలె నుండి, టైరు నడిమి భాగమును విడిచి, పలుచనైన ప్రక్కభాగమును కోయుచున్నవి. ఇక పల్లేరుకాయ సంగతి చూడుడు. ఎండి రాలినప్పుడు అది యైదు ముక్కలగును. ఒక్కొక్క ముక్కకు రెండేసి పెద్ద ముండ్లు. ఏ విధముగ పడినను ఒక ముల్లు పైకి చూచుచునే యుండును. తన విత్తనమును పశువుల గిట్టలకు తగిలించి దూరమునకు పంపుకొనుటకు ఆ మొక్కకు సృష్టికర్త ఇచ్చిన యుపాయమది. సైకిళ్లు పుట్టకమునుపే అది సైకిలు టైరుకొఱకు కాచుకొని యున్నట్లుండును!

ఈనాడు అంగళ్లలో "మౌంటెను బైకు" అని యమ్మునది ఎట్లు పుట్టినదో తెలిసినచో, దానిలో మనకు కావలసినదేదో అక్కరలేనిదేదో తెలియుట సులభమగును. అది కార్ఖానాలో నెవరో బల్లకడ కూర్చుండి కల్పించినది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున టమల్పయస్ అను కొండ కలదు. 1970 ప్రాంతమున అచటి యువకులు కొందరు 1930, 1940ల నాటి పాత సైకిళ్లను, లావుపాటి టైర్లు గలవానిని, చవుకగ కొని, మన్ను దారులలో కొండ దిగుచు పందెములు వేసికొనిరి. 1976లో వారు మొదలిడిన యొక పందెమునకు "రీప్యాక్" అని పేరు. దిగువరకు వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి, అందలి గ్రీజంతయు పొగయై పోవుచుండెడిది. దిగిన తరువాత మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. అందుచే ఆ పేరు వచ్చినది. వారిలో నొకడైన జో బ్రీజ్ 1977లో ఈ పనికే ప్రత్యేకముగ నొక చట్రమును తయారుచేసెను. 1979లో గారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనువారు టామ్ రిచీ చేసిన చట్రములతో నొక చిన్న వ్యాపారము పెట్టిరి. 1996లో అట్లాంటాయందు జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఎగుడుదిగుడు దారుల పందెమునకు స్థానము దొరకినది. వారు మొదట తమ కొండను చూచి, దానికి తగిన టైరును, బ్రేకును, గేరును వెదకికొనిరి. మనము మొదట అంగడిలోని రంగును చూచుచున్నాము.

ఇక కొనువిషయము. నిరుడు పలకల పనిచేయు నొకాయన తన కుమారునికొఱకు 14,000 రూపాయలు కూడబెట్టి, నన్ను అంగడికి తోడు రమ్మనెను. పిల్లవాడు మన తొమ్మిదవ తరగతివాడు. వాని పల్లెనుండి బడికి తొమ్మిది కిలోమీటరులు. అందు నాలుగు మాత్రమే తారురోడ్డు. తక్కినది డొంక, ఒక గని ప్రక్క దారి, గుండ్లకమ్మలో కలియు నొక వాగు. బస్సు తప్పిన దినమున వాడు నడచి వచ్చుచుండెను. పరీక్షల దినములలో రెండు పర్యాయములు అట్లు జరిగినది. ఆ యింటిలో 14,000 రూపాయలన్న నెన్ని దినముల కూలియో నేను లెక్కవేయనక్కరలేదు. అది చెడినచో మరియొకటి కొనుటకు వీలులేదు. అందుచే వాని తల్లియు వెంట వచ్చినది. ఆమె యడిగిన ప్రశ్న యొక్కటే: "ముల్లు దిగనిది ఏదన్నా ఉందా, అయ్యగారూ?" అటువంటిది లేదని చెప్పితిని. ముల్లు దిగినను ఇంటికి చేర్చునది దొరకునని చెప్పితిని.

అంగడివారు మొదట చూపినది 29 అంగుళముల చక్రములు గల పెద్ద సైకిలు. ముందును వెనుకను స్ప్రింగులు, మెరయు రంగు. పిల్లవాడు దానిని విడిచి కన్ను త్రిప్పలేదు. వాని యెత్తు 148 సెంటీమీటరులు. దానిపై నిలువబోగా చట్రపు అడ్డుగొట్టము వానికి తగిలినది. "పెరిగే పిల్లవాడు గదా, రెండేండ్లలో సరిపోవును" అని అంగడివారనిరి. బడి లాగు కొనునప్పుడు మనమందరము చెప్పుమాటయే యిది. కాని పొడవైన లాగును మడిచి కుట్టవచ్చును, చట్రమును మడువరాదు. రాతిదారిలో నడుమ ఆగవలసినప్పుడు రెండు కాళ్లును నేలనానవలయును. అప్పుడు అడ్డుగొట్టమునకును శరీరమునకును నడుమ కనీసము మూడంగుళముల యెడముండవలయును. అది లేనిచో ఒకనాడు పిల్లవాడు పడును. చిన్న చట్రము కొని, సీటుక్రింది గొట్టమును పెరిగినకొలది పైకి లేపుకొనవచ్చును. అయితే ఆ గొట్టముమీద నొక గీత యుండును. అది చట్రములోనే మునిగి యుండవలయును, బయటికి కనబడరాదు.

వెనుక స్ప్రింగును గూర్చి నా యభిప్రాయము కఠినమైనది. ఎక్కువ వెలగల పందెపు సైకిళ్లయందు అది మంచిదే. చవుక సైకిలునందు అది బరువును పెంచును, త్రొక్కిన బలములో కొంత మ్రింగివేయును, కీలు వదులైన పిదప కిర్రుకిర్రుమనును. ముందు ఫోర్కునందలి స్ప్రింగు కొంత నయము. నిజమైన పందెపు సైకిలులో అది 100 మొదలు 120 మిల్లీమీటరుల వరకు కదలి, నూనెచేతనో గాలిచేతనో తన కదలికను తానే యదుపులో నుంచుకొనును. చవుకదానిలో స్ప్రింగు మాత్రమే యుండును, అదుపుండదు. అంతకంటె స్ప్రింగులేని గట్టి ఫోర్కును లావుపాటి టైరును మేలు. టైరులోని గాలియే మొదటి స్ప్రింగు. 1888లో బెల్ఫాస్టు పట్టణమున డన్లప్ అను పశువైద్యుడు గాలిటైరునకు హక్కుపత్రము పొందినది తన చిన్నకుమారుని మూడుచక్రముల బండి కుదుపు తగ్గించు ప్రయత్నమునుండియే గదా!

కడకు మేము తీసికొన్నది 26 అంగుళముల చక్రములు, గట్టి ఫోర్కు, తీగెతో పనిచేయు బ్రేకులు, ముందు మూడును వెనుక ఏడును పండ్లచక్రములు గల సాదా సైకిలు. పిల్లవాని మొగము కొంచెము చిన్నబోయినది. నూనెతో పనిచేయు బ్రేకులు మెత్తగ పట్టుననుట నిజమే. కాని వానిలో గాలి చేరినచో తీయుటకు ప్రత్యేకమైన పనిముట్లును తెలిసినవాడును కావలయును. తీగె తెగినచో సాధారణమైన సైకిలు అంగడిలోనే మార్చుకొనవచ్చును. వెనుక కారియరు బిగించుటకు చట్రమున రంధ్రములున్నవా యని కూడ చూచితిని. పందెపు సైకిళ్లకు తరచుగ అవి యుండవు. పుస్తకముల సంచి వీపున నుండగా గుంతలలో పోవుట తలక్రిందుల బరువును మోయుటయే. అన్నపు డబ్బా సంగతి చెప్పనేల!

గేర్లెందులకని తండ్రి యడిగెను. ఇది పై తరగతుల బాలబాలికలు లెక్కవేసి చూడదగినది. పాత నల్లసైకిలునకు ముందు చక్రపు పండ్లు 44, వెనుకవి 18 అనుకొందము. పెడలు ఒకసారి తిరుగగా వెనుక చక్రము రెండు చుట్లకంటె నెక్కువ, అనగా 2.44 చుట్లు తిరుగును. 28 అంగుళముల చక్రము చుట్టుకొలత దాదాపు 2 మీటరుల 23 సెంటీమీటరులు. కావున ఒక త్రొక్కుడునకు ఐదు మీటరుల నలువదియైదు సెంటీమీటరులు పోవును. క్రొత్త సైకిలునందు ముందు 24 పండ్లు, వెనుక 28 పండ్లు గల జతను పట్టించినచో, 26 అంగుళముల చక్రము చుట్టుకొలత 2 మీటరుల 7 సెంటీమీటరులు గనుక, ఒక త్రొక్కుడునకు దాదాపు 1 మీటరు 80 సెంటీమీటరులే పోవును. దూరము మూడవవంతు, కావలసిన బలమును ఇంచుమించు మూడవవంతు. పని మాత్రము తగ్గదు. యంత్రములేవియు మనకు పనిని మిగుల్చవని మీరు విజ్ఞానశాస్త్రమున చదివినది ఇదియే. వాగు గట్టెక్కునప్పుడు దిగి త్రోయుటకును కూర్చుండియే ఎక్కుటకును గల భేద మీ లెక్కలో నున్నది. అయితే గట్టు మొదలు కాకముందే గేరు మార్చవలయును. సగమెక్కి, బలమంతయు పెడలుపై మోపి మార్చబోయినచో గొలుసు పటపటలాడి జారును, కొన్నిసార్లు తెగును.

ఇచట నొక చిక్కు చెప్పవలయును. ఏలయన చాలమంది డబ్బు వృథా యగుట చూచితిని. అంగడిలో "26 టైరు" అని యడిగిన రెండు వేరు టైరులు దొరకవచ్చును. కొండసైకిలు 26నకు రిమ్ముపై టైరు కూర్చుండు భాగపు వ్యాసము 559 మిల్లీమీటరులు. 26 × 1⅜ అని వ్రాసియుండు సన్నటైరునకు 590. ఒకటి రెండవదానిపై నెక్కనే యెక్కదు. 28 × 1½ నల్లసైకిలునకు 635, ఇప్పటి 29 అనుదానికి 622. ఇరువదితొమ్మిది అనబడునది ఇరువదియెనిమిది అనబడుదానికంటె చిన్నదగుట విచిత్రమే! అంగుళముల యంకె టైరు వెలుపలి కొలతను తలచి పెట్టినది గాన ఈ తారుమారు వచ్చినది. టైరు ప్రక్కన 54-559 వంటి రెండంకెలు అచ్చువేసి యుండును. మొదటిది వెడల్పు, రెండవది ఈ వ్యాసము. ఆ అంకెలను వ్రాసికొని పోయినవాడు మోసపోడు.

కొనుటతో పని ముగియదు. అంగడిలో హడావుడిగ కూర్చిన సైకిలును ఇంటికి తెచ్చి మరల చూచుకొనవలయును. ముందు ఫోర్కు వెనుకకు త్రిప్పి బిగించియుండగా అమ్మిన సైకిలును నేనొకటి చూచితిని. ఆ పిల్ల యారు నెలలు అట్లే త్రొక్కినది, త్రొక్కినప్పుడెల్ల పాదము చక్రమునకు తగులుచుండెనట. మేము చట్రమును గోడకానించి మొదట సీటును సరిచేసితిమి. పాదరక్షలు లేక గోడకు చేరగిలబడి నిలిచి, కాళ్ల నడుమ నొక పుస్తకమును పైకి గట్టిగ నొక్కి, దాని పై యంచునుండి నేలవరకు కొలువవలయును. పిల్లవానికది 68 సెంటీమీటరులు. దానిని 0.883చే గుణింపగా 60. పెడళ్ల నడిమి యిరుసునుండి సీటు పైభాగమువరకు అంత యెత్తుండవలయుననుట పలువురు పాటించు నొక సూత్రము. కొలబద్ద లేనివారు మడమను పెడలుపై నుంచి, అది యడుగునకు వచ్చినప్పుడు కాలు చక్కగ చాచుకొనునట్లు సీటును నిలిపిన చాలును. పిదప పాదపు ముందు భాగముతో త్రొక్కునప్పుడు మోకాలు కొంచెము వంగియుండును. మన పిల్లలలో ననేకులు సీటును మిక్కిలి క్రిందికి దించుకొని, మోకాళ్లు గడ్డమునకు తగులునట్లు త్రొక్కుచు, దూరము పోయిన పిదప మోకాలి నొప్పి యందురు.

బ్రేకు పిడులను ముంజేతికి వరుసలో నుండునట్లు కొంచెము క్రిందికి వంచితిమి. చిన్న వేళ్లకందునట్లు పిడిలోని మరను త్రిప్పి దగ్గరకు చేర్చితిమి. ఏ చేతి పిడి ముందు బ్రేకుదో పిల్లవానిచే మూడుసార్లు చెప్పించితిని. దిగుడున ముందు బ్రేకు నొక్కటే గట్టిగ పట్టినవాడు సైకిలు మీదుగ ముందునకు పోవును. వెనుకది మాత్రమే పట్టినవాడు జారును. రెంటిని కలిపి, పట్టుచు విడుచుచు దిగవలయును. వెనుక గేరునకు రెండు చిన్న మరలుండును. గొలుసు లోపలికి పోయి చువ్వలలో పడకుండ నొకటి, బయటికి పోయి చట్రమున చిక్కకుండ నొకటి. వానిని సరిచూడక గట్టెక్కరాదు. మొదటి నెలలో తీగెలు సాగును, చువ్వలు వదులగును. నెల గడచిన పిదప మరల నొకసారి బిగింపించవలయును.

నూనె విషయమున మన యలవాటు చెడ్డది. మోటారు సైకిలునుండి తీసిన నల్లనూనెను గొలుసుపై కుమ్మరింతుము. దానికి మన యెర్రదుమ్ము కలసి సానబట్టు ముద్దవంటిదై, గొలుసును పండ్లను అరుగదీయును. గొలుసును పాతగుడ్డతో తుడిచి, ఒక్కొక్క కీలునకు నొక్కొక్క చుక్క పలుచని నూనె వేసి, మరల పైనంతయు తుడిచివేయవలయును. నూనె పనిచేయునది కీలు లోపల, కంటికి కనబడు చోట కాదు.

ఇక గాలి. రాతివలె గట్టిగ కొట్టించుట మనవారికి తృప్తి. కంకరపై అట్టి టైరు ఎగిరెగిరి పడును, పట్టు విడుచును. మరీ తగ్గించినచో రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగి, పాము కోరలు పడినట్లు ప్రక్కప్రక్కనే రెండు రంధ్రములు పడును. టైరు ప్రక్కన అచ్చువేసిన కనిష్ఠపు టంకెతో మొదలిడి, బరువును దారిని బట్టి కొంచెము హెచ్చించుకొనుట మంచిది. నలువది కిలోల పిల్లవానికి ఆ కనిష్ఠమునకు కొంచెము మించిన చాలును. మే నెలలో మధ్యాహ్నపు టెండలో సైకిలు నుంచినచో లోని గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగును, అతుకుల బంక మెత్తబడును. చెట్టు నీడ దొరకినచో అదియే యుత్తమము.

ముల్లునకు మందు లేదని తల్లితో చెప్పితిని గదా. మందు లేదు గాని కవచము కలదు. ఖరీదైన సైకిళ్లకు ట్యూబే లేని టైరులుండి, లోపల తెల్లని ద్రవమొకటి యుండును. ముల్లు దిగినచోట అది కారి గడ్డకట్టి రంధ్రమును మూసివేయును. ఎండకు కొన్ని నెలలలో ఆరిపోవుట దానిలోని లోపము. మేము చేసినది పేదల యుపాయము. పాత సన్నటైరు నొకదానిని తెచ్చి, అంచులలోని తీగెలను కోసి తీసివేసి, మిగిలిన పట్టీని క్రొత్త టైరునకును ట్యూబునకును నడుమ పరచితిమి. పట్టీ చివరలు ట్యూబును కొరుకకుండ వానిని పలుచగ చెక్కితిమి. బరువు కొంత పెరిగినది. పిల్లవాడు దానిని గుర్తించలేదు. నెల దినములలో ఒక్క పంక్చరు పడినది, అదియు పట్టీ కప్పని ప్రక్కభాగమున పలకరాయి కోసినందున. సంచిలో నొక ట్యూబు, రెండు టైరు మీటలు, చిన్న పంపు ఉండెను గాన వాడే మార్చుకొని మొదటి గంట కొట్టువేళకు బడి చేరెను.

నల్లమల సంగతియు చెప్పి విడిచెదను, ఏలయన గేర్లు వచ్చిన మరుదినమే పిల్లల చూపు కొండమీదికి పోవును. దోర్నాలనుండి శ్రీశైలమునకును, గిద్దలూరినుండి దిగువమెట్ట మీదుగ నంద్యాలకును పోవు దారులు ఘాట్‌రోడ్లు. లారీలు తిరుగును, మలుపులలో నెదుటి బండి కనబడదు. ఆ యడవిలో పెద్ద భాగము 1983లో పులుల సంరక్షణ క్షేత్రముగ నేర్పడినది. అటవీశాఖవారి యనుమతి లేక లోపలి బాటలలో సైకిలు పెట్టరాదు. పెద్దలు లేక పిల్లలు ఘాట్‌రోడ్డునకు పోరాదు. చీకటి పడిన పిదప ఎవరును పోరాదు. శిరస్త్రాణము వేడిగ నుండునని విడుచుట తగదు. మోకాలి దెబ్బ మానును, తల దెబ్బ సంగతి వేరు.

పిల్లలకు నేను చూపు దారి కంభము చెరువు. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగ కొండల సందున కట్టిన యా చెరువునకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు వారసత్వ కట్టడముగ గుర్తింపునిచ్చిరి. మన సంఘ చరిత్ర చదివినవారికి ఆ యేరు క్రొత్తది కాదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందినది దానిలోనే. వానలు వెనుకబట్టి, రేగడి యారిన పిదప ఆరుగురు పిల్లలము, ఇద్దరు ఉపాధ్యాయులము అటు పోవలయునని యనుకొనుచున్నాము. తండ్రి యనుమతి పత్రముపై వ్రేలిముద్ర వేసియిచ్చినాడు. పిల్లవాడు ప్రతి శనివారము సాయంకాలమున సైకిలును తలక్రిందుగ నిలిపి, చక్రమును మెల్లగ త్రిప్పుచు, టైరులోని ముండ్లను సూదితో తీసి, ఆ వారము దొరకినవెన్నో నోటుపుస్తకపు వెనుక పుటలో వ్రాసికొనుచున్నాడు. గడచిన వారపు టంకె పదునేడు.